పంపు దించిన ఊరు

మందు కొట్టనిదే పత్తి పండదని రైతు నమ్మాడు. నమ్మినకొద్దీ అప్పు పెరిగింది, పురుగూ పెరిగింది. ఖమ్మం జిల్లాలో ఓ చిన్న పల్లె మాత్రం భుజానున్న పంపు దించేసి చూసింది. పంట పోలేదు సరికదా... ఇళ్లు తెరిపిన పడ్డాయి!

ఊరు కనిపించకముందే వాసన పలకరించేది. పత్తి గూడ కట్టిందంటే చాలు, వరంగల్, ఖమ్మం జిల్లాల పల్లెల్లో గాలి ఘాటెక్కిపోయేది. పొద్దున్నే చద్దన్నం తిని, వీపుకి పంపు తగిలించుకుని మగమనిషి చేలోకి దిగేవాడు. వెనకాలే నీళ్ల బిందెతో ఆడమనిషి. డబ్బా మూత తీసి, ఆ మూతతోనే మందు కొలిచి బక్కెట్లో పోసేది. చేతికి కర్ర దొరక్కపోతే చేత్తోనే కలిపేసేది. ఆ చేతినే కొంగుకి తుడుచుకుని మధ్యాహ్నం సద్దిమూట విప్పేది.

గూడకి ఒకసారి, పూతకి ఒకసారి, పిందెకి ఒకసారి, కాయకి రెండుసార్లు. వానపడి కొట్టుకుపోతే మళ్లీ ఒకసారి. పక్క చేనువాళ్లు కొట్టారని ఇంకోసారి. 1990ల్లో ఒక్క పంటకాలంలో పదిహేనుసార్లు మందు కొట్టడం పత్తి రైతుకి వింతేం కాదు. దేశం మొత్తం సాగుభూమిలో పత్తిది సుమారు అయిదు శాతమే. కానీ ఆ రోజుల్లో వ్యవసాయంలో వాడే పురుగుమందుల్లో దాదాపు సగం ఆ ఒక్క పంట మీదే కుమ్మరించేవారు.

ఇంతచేసినా పురుగు చచ్చిందా అంటే, లేదు. అసలు కథంతా అక్కడే ఉంది.

పురుగును పెంచిందెవరు?

పత్తి మనకు కొత్త పంటేం కాదు. కొత్తగా వచ్చింది హైబ్రిడ్ పత్తి. దాంతోపాటే ఎరువు, మందు, అప్పు వచ్చాయి. 1980ల్లో గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగళ్లలో ఈ పత్తి బంగారం పండించింది. అప్పుడే సింథటిక్ పైరిత్రాయిడ్లనే కొత్తరకం మందులు బజారులోకి దిగాయి. కొట్టిన గంటకే పురుగు గిలగిలా కొట్టుకుని రాలిపోయేది. రైతుకి అంతకంటే ఏం కావాలి? వారం తిరక్కుండా మళ్లీ కొట్టారు.

నాలుగైదేళ్లు గడిచాయి. ఎప్పుడూ పెద్దగా పట్టించుకోని తెల్లదోమ దశాబ్దం మధ్యకొచ్చేసరికి చేలను కమ్మేసింది. ఆకులు జిగటబారి, మసిపట్టి, చేనుకి చేనే ఎండిపోయింది. ఎందుకలా? చేలో ఉండేవి పంటను తినే పురుగులే కాదు. వాటిని తినే పురుగులూ ఉంటాయి. అక్షింతల పురుగు, సాలీడు, తూనీగ, గుడ్లలోనే గుడ్లు పెట్టి శత్రువును పుట్టకముందే చంపే బుల్లి కందిరీగలు... మందుకి వీటన్నిటి తేడా తెలియదు. అన్నిటినీ చంపుతుంది. తర్వాత తేరుకునే వేగంలో మాత్రం తేడా ఉంది. పైరును తినేవాటికి చుట్టూ తిండే, వందల్లో గుడ్లు పెడతాయి. వాటిని తినే జీవులకు ముందు వేట దొరకాలి, ఆ తర్వాతే సంతానం. పైగా మందు తట్టుకుని బతికిన పురుగు పిల్లలు ఆ మందుకి లొంగవు. అలా ప్రతి పిచికారీ తర్వాతా పంటకు కాపలా కాసేవాళ్లు తగ్గుతూ, దొంగలు రాటుదేలుతూ వచ్చారు.

1987-88 నాటికి ఆ రెండు జిల్లాల్లో పత్తి రైతుల ఆత్మహత్యలు వార్తలకెక్కాయి. పదేళ్ల తర్వాత అదే కథ తెలంగాణలో. 1997 ఖరీఫ్‌లో వానలు గతి తప్పాయి, పొగాకు లద్దె పురుగు వరంగల్ పత్తి మీద విరుచుకుపడింది. డీలరు ఇచ్చిన మందుకి చావలేదు. ఇంకోటి ఇచ్చాడు. రెండూ కలిపి కొట్టమన్నాడు. పత్తి పోయింది, అప్పు మిగిలింది. ఆ ఏడాది వందలమంది రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అందులో ఎక్కువమంది చేతికి అందింది పురుగును చంపలేకపోయిన ఆ డబ్బానే.

మనిషికీ పురుగుకీ నరాలు ఒకటే

ఆర్గానోఫాస్ఫేట్ జాతి మందులు పనిచేసే తీరు తెలిస్తే ఒళ్లు జలదరిస్తుంది. పత్తి చేలల్లో ఏళ్లతరబడి రాజ్యమేలిన మోనోక్రోటోఫాస్ ఈ కోవలోదే. నరం నుంచి కండరానికి ఓ సంకేతం అందాక దాన్ని అక్కడితో ఆపడానికి శరీరంలో ఓ ఎంజైమ్ ఉంటుంది. ఈ మందు దాన్ని పట్టేస్తుంది. ఇక సంకేతాలు ఆగవు. పురుగు వణికి వణికి చస్తుంది. చిక్కేమిటంటే అదే ఎంజైమ్ మనిషిలోనూ ఉంది. నోట్లో చొంగ, ఒళ్లంతా చెమట, సూదిమొనంత చిన్నవైపోయిన కంటిపాపలు, వణుకు, చివరికి ఊపిరి అందకపోవడం... ఇవన్నీ ఆ ఒక్క ఎంజైమ్ మూగబోయినందుకే. ఈ మందులు లోపలికి వెళ్లడానికి తాగనక్కర్లేదు. చర్మం నుంచీ పోతాయి. చెమటపట్టిన వీపు మీద పంపు కారితే చాలు.

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి రికార్డులను పరిశీలించిన వైద్య పరిశోధకులు 2005లో ఓ అంతర్జాతీయ పత్రికలో లెక్క ప్రచురించారు. 1997 నుంచి 2002 వరకు పురుగుమందు విషంతో ఆ ఒక్క ఆసుపత్రిలో చేరినవాళ్లు 8,040 మంది. వాళ్లలో నూటికి 22 మందికి పైగా బతకలేదు. 2002 రికార్డులను విడిగా చూస్తే మూడింట రెండొంతులమంది ముప్ఫై ఏళ్లలోపువాళ్లు! దాదాపు అందరూ తమకు తాముగా తాగినవాళ్లే. మొగుడితో మాటపట్టింపో, పరీక్ష తప్పడమో, అప్పులవాడు వాకిట్లో నిలబడటమో... కారణం ఏదైనా ఆ క్షణం గడిస్తే తేరుకునేవారే ఎక్కువ. ఆ క్షణంలో ఇంటి మూలన డబ్బా ఉంది. పురుగుమందు సమస్యను చేలోనే వెతికేవాళ్లు ఈ మూలను మర్చిపోతుంటారు.

ఆడవాళ్ల సంగతి ఇంకా చిత్రం. మందు కొట్టేది మగవాళ్లు కాబట్టి ప్రమాదం వాళ్లకేనని అందరూ అనుకుంటారు. ఆంధ్రప్రదేశ్‌లోని మూడు పల్లెల పత్తి రైతుల మీద చేసిన అధ్యయనం ఒకటి ఈ నమ్మకాన్ని పక్కకు నెట్టింది. చిక్కటి మందును నీళ్లలో కలిపేది, పంపు నింపేది ఆడవాళ్లు. దాంతో వాళ్లకీ ముప్పు మగవాళ్లతో సమానంగానే ఉందని తేలింది. ఆ ఊళ్లలో నమోదైన ప్రతి వంద పిచికారీల్లో ఎనభైకి పైగా ఏదో ఒక అస్వస్థతతోనే ముగిశాయి. తలనొప్పి, కళ్ల మంటలు, వాంతులు. 'పొద్దుటి ఎండ దెబ్బ' అనుకుని మజ్జిగ తాగి పడుకునేవాళ్లు.

పునుకులలో ఏం జరిగింది?

పునుకుల... పాల్వంచ మండలంలో సుమారు రెండొందల ఇళ్ల పల్లె. అప్పట్లో ఖమ్మం జిల్లా, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం. అక్కడా పత్తే, అక్కడా పదిహేను పిచికారీలే. డీలరే విత్తనమిస్తాడు, ఎరువిస్తాడు, మందిస్తాడు... అన్నీ అప్పు మీదే. పంట వచ్చాక పత్తి కొనేదీ అతనే, ధర చెప్పేదీ అతనే. ఈ చక్రంలోంచి బయటపడటం పురుగును చంపడంకన్నా కష్టం.

1999లో సెక్యూర్ అనే స్థానిక స్వచ్ఛంద సంస్థ మందులేని సాగు గురించి ఆ ఊళ్లో మాట మొదలుపెట్టింది. హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ వెన్నుదన్నుగా నిలిచింది. ఊరు నవ్విందనే చెప్పాలి. ఇంత విషానికే చావని పురుగు వేపకషాయానికి చస్తుందా? మొదట ముందుకొచ్చింది ఒకరిద్దరే.

ఆ నవ్విన ప్రశ్నలో నిజం లేకపోలేదు. వేపగింజల కషాయం పురుగును అప్పటికప్పుడు చంపదు. గింజలో ఉండే అజాడిరక్టిన్ పురుగు ఆకలిని చంపుతుంది. ఆకు చేదెక్కి తినలేదు. తిన్నా ఒళ్లు విడిచి పెరగలేదు. కొట్టిన మర్నాడు చేలోకి వెళ్లి చూస్తే పురుగులు బతికే ఉంటాయి. మందుకి అలవాటుపడిన కళ్లకి అది ఓటమిలా కనిపిస్తుంది. వారం ఓపికపట్టినవాడికే తేడా తెలుస్తుంది.

నిజానికి కషాయం ఆఖరి అస్త్రం. అసలు పని అంతకుముందే మొదలవుతుంది. వేసవిలో లోతు దుక్కి దున్నితే మట్టిలో నిద్రపోతున్న కోశాలు పైకొచ్చి ఎండకి మాడతాయి, కొన్నిటిని కొంగలు, కాకులు ఏరుకుతింటాయి. తొలకరి పడగానే ఎర్రగొంగళి రెక్కల పురుగులు బయటికొస్తాయి. ఊరంతా ఒకేసారి గట్ల మీద మంటలు వేస్తే అవి వెలుగుకి వచ్చి పడిపోతాయి. పసుపు రంగంటే తెల్లదోమకి వెర్రి. పసుపు పూసిన రేకుకి ఆముదం రాసి నిలబెడితే వచ్చి అతుక్కుంటుంది. ఆడపురుగు వాసన నింపిన లింగాకర్షక బుట్టల్లో మగ రెక్కల పురుగులు చిక్కుతాయి. ఎన్ని చిక్కాయో లెక్కపెట్టుకుంటే చేలోకి ఎంత ముప్పు రాబోతోందో ముందే తెలుస్తుంది. చేలో అక్కడక్కడా కొమ్మలు పాతితే పక్షులు వాలి కాపలా కాస్తాయి.

అన్నిటికన్నా ముచ్చటైనది ఆముదం ఉపాయం. వరంగల్‌ను ముంచిన పొగాకు లద్దె పురుగు గుర్తుందిగా! దానికి పత్తికన్నా ఆముదం ఆకంటే ఇష్టం. చేను చుట్టూ ఓ వరస ఆముదం వేస్తే రెక్కల పురుగు వెతుక్కుంటూ వెళ్లి దాని మీదే గుడ్లు పెడుతుంది. అదీ ఒక్కొక్కటిగా కాదు, వందల గుడ్లు ఒకేచోట ముద్దగా, పైన బూరు కప్పి. పిల్లలు పుట్టాక కొద్దిరోజులు ఆ ఆకు మీదే గుంపుగా ఉండి దాన్ని జల్లెడలా తినేస్తాయి. ఆ జల్లెడాకును గుర్తుపట్టి తుంచి నలిపేస్తే చాలు, వందల పురుగులు ఒక్క చేత్తో పోయినట్టే. అవే పెరిగి చేనంతా చెదిరాయా... ఏ డబ్బా ఆపలేదు. 1997లో రైతు దగ్గర లేనిది బలమైన మందు కాదు. ఆ ఆకును ఏ రోజు తుంచాలో చెప్పే మనిషి. మందు గురించి చెప్పడానికి మాత్రం ప్రతి సెంటర్లోనూ ఓ దుకాణం ఉంది.

మొదటి ఒకటి రెండేళ్లలోనే లెక్క తేలింది. మందు మానినవాళ్ల దిగుబడి పక్కవాళ్లకన్నా తగ్గలేదు. సస్యరక్షణ ఖర్చు దాదాపు సగానికి దిగింది. పత్తి రైతుకి దిగుబడి పెరగడంకన్నా పెట్టుబడి తగ్గడమే పెద్ద వరం. వానలు మోసం చేసిన ఏడాది పోయేది కష్టమే గానీ అప్పు తెచ్చిన సొమ్ము కాదు కదా!

పురుగు గట్లు చూడదు

అయినా ఓ చిక్కుంది. ఒక రైతు మంటలు వేసి, పక్క చేనువాడు వేయకపోతే పురుగు గట్టు దాటి వస్తుంది. ఒకడు మందు మాని, చుట్టూ నలుగురు కొడితే వాడి చేలోని మిత్రపురుగులూ చస్తాయి. ఈ సాగు ఒంటరిగా చేసేది కాదు. ఇక్కడే పునుకుల ఆడవాళ్లు రంగంలోకి దిగారు. మహిళా సంఘాల్లో పొదుపుతోపాటు ఈ సంగతీ చర్చకొచ్చింది. మందు కలిపేదీ వాళ్లే, మంచాన పడ్డ మనిషికి చాకిరీ చేసేదీ వాళ్లే, దాచిన నగ డీలరు అప్పుకి పోతే ఏడ్చేదీ వాళ్లే. కాబట్టి మగవాళ్లకన్నా వాళ్లకే తొందరగా అర్థమైంది. కొందరు ఇళ్లలో మొగుళ్లతో పోట్లాడి మరీ మాన్పించారు.

2003 నాటికి ఊళ్లో పురుగుమందు వాడకం ఆగిపోయింది. 2004లో పంచాయతీయే తీర్మానం చేసింది, తమది పురుగుమందుల్లేని ఊరని, మందులమ్మేవాళ్లు ఇటు రావద్దని. వేపగింజల్ని పొడిచేసే యంత్రం మహిళా సంఘానికి వచ్చింది. అంతకుముందు డీలరుకి వెళ్లే డబ్బులో కొంత అలా ఊళ్లోనే తిరగడం మొదలైంది.

మరో పల్లె ఏనబావి. అప్పటి వరంగల్ జిల్లా, ఇప్పటి జనగామ జిల్లాలో లింగాల ఘనపురం మండలంలోని యాభై పైచిలుకు ఇళ్ల ఊరు. వాళ్లు ఇంకో మెట్టెక్కారు. మందులే కాదు, రసాయన ఎరువులూ మానేసి 2006లో పూర్తి సేంద్రియ గ్రామంగా ప్రకటించుకున్నారు.

పునుకులను చూసి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ద్వారా మహిళా సంఘాల సమాఖ్యలతోనే ఈ పద్ధతిని మిగతా జిల్లాలకు తీసుకెళ్లింది. 2009 నాటికి మూడు లక్షలమందికి పైగా రైతులు, 13 లక్షల ఎకరాలు దీని కిందికి వచ్చాయని ప్రపంచబ్యాంకు నివేదిక రాసింది. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి వ్యవసాయాన్ని ఇదే బాటలో, ఇవే మహిళా సంఘాల ఆసరాతో నడిపిస్తోంది. ఆ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతి మరో ఇద్దరితో కలిపి దక్కింది.

అలాగని సమస్య తీరిపోయిందనుకుంటే పొరపాటు. 2002లో బీటీ పత్తి వచ్చింది. కాయతొలిచే పురుగుల కోసం కొట్టే మందు మొదట్లో తగ్గిన మాట నిజమే. రసం పీల్చే పురుగులకు మాత్రం ఆ విత్తనం ఏమీ చేయలేదు. పదేళ్లు తిరిగేసరికి గులాబీ రంగు పురుగు దానికీ అలవాటుపడింది. మళ్లీ పంపులు భుజాలకెక్కాయి. 2017లో ఆదిలాబాద్‌కు ఆనుకునే ఉన్న మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఆ విషం సోకి ఇరవైమందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. తాగి కాదు, కొడుతూ!

లంక చెప్పిన రెండు కథలు

మరి ఒక్క దెబ్బతో అన్నీ నిషేధిస్తే? దీనికి శ్రీలంకలోనే రెండు జవాబులున్నాయి. ఆ దేశం 1995లో మోనోక్రోటోఫాస్ లాంటి అతి విషపు మందుల్ని, 1998లో ఎండోసల్ఫాన్‌ను నిషేధించింది. వాటి బదులు తక్కువ ప్రమాదమున్నవి అందుబాటులో ఉంచింది. తర్వాతి రెండు దశాబ్దాల్లో అక్కడ ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం పడిపోయింది. పంట దిగుబడులు తగ్గిన జాడ లేదు. ఏ చట్టమూ జనం కష్టాలు తీర్చలేదు, ఇంటి మూలనున్న డబ్బాలో విషం తీవ్రత తగ్గించిందంతే!

అదే శ్రీలంక 2021 ఏప్రిల్‌లో రసాయన ఎరువుల దిగుమతిని రాత్రికి రాత్రి ఆపేసింది. రైతుకి పశువుల ఎరువు చాల్లేదు, మెలకువ నేర్పినవాళ్లు లేరు. వరి పడిపోయింది, తేయాకు దెబ్బతింది. ఏడు నెలలకే ఉత్తర్వు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. విషం ఆపడానికి ఒక కాగితం సరిపోతుంది. నేల సాగు మార్చడానికి మాత్రం పునుకులకి పట్టినట్టు ఏళ్లు పడుతుంది.

మన దగ్గర విషం ఆపే కాగితాలూ ఆలస్యంగానే వచ్చాయి. కేరళలోని కాసరగోడ్ జీడితోటల మీద రెండు దశాబ్దాలకు పైగా హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లారు. అక్కడి పిల్లల దుస్థితి దేశాన్ని కదిలించాక 2011లో సుప్రీంకోర్టు ఆ మందును ఆపింది. మోనోక్రోటోఫాస్‌ను 2005లో కూరగాయల మీద వాడొద్దన్నారు. అయినా బజారులో ఉండనే ఉంది. 2013లో బిహార్‌లోని ఓ బడిలో మధ్యాహ్న భోజనంలో అది కలిసి 23 మంది పసివాళ్లు చనిపోయారు. పత్తి చేలల్లో ఎక్కువగా వాడే 36 శాతం ద్రావణాన్ని కేంద్రం నిషేధించింది 2023లో!

ఇక పట్నవాసుల మాట. మార్కెట్ నుంచి తెచ్చిన వంకాయల్ని, కరివేపాకుని ఉప్పునీళ్లలో వేసి కడిగితే విషం పోతుందా అని గృహిణులు అడుగుతుంటారు. పైన అంటుకున్నది చాలావరకు పోతుంది, కడగాల్సిందే. మొక్క పీల్చుకుని లోపలికి తీసుకున్న మందు మాత్రం కుళాయి కింద ఎంతసేపు పెట్టినా పోదు. కొట్టిన ఎన్నాళ్లకి కోయాలో డబ్బా మీద రాసే ఉంటుంది. రేపటి సంతకి సొరకాయ పంపాల్సిన రైతు ఆ గడువు దాకా ఆగుతాడా, లేదా అన్నదాని మీదే మన పళ్లెం ఆధారపడి ఉంది. ఇంకో విషయం కూడా ఒప్పుకోవాలి. మందులేకుండా పండించినవాళ్లకి మార్కెట్లో పైసా ఎక్కువ దక్కదు. పత్తి బేళ్లలో కలిసిపోయాక ఏది ఎవరిదో ఎవరికి తెలుస్తుంది? వాళ్లకి మిగిలేది ఖర్చు కాని డబ్బు, చెడిపోని ఒళ్లు.

దానికోసం పడే కష్టం తక్కువేం కాదు. వేపపళ్లు రాలేది ఎండలు ముదిరాక, తొలకరికి కాస్త అటూ ఇటుగా. పొలం పనులన్నీ మీదపడేదీ అప్పుడే. చెట్టు కింద ఊడ్చి, పళ్లు ఏరి, గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి గోనెసంచుల్లో దాచాలి. నేరుగా ఎండలో పెడితే సారం పోతుంది, తడిగా కట్టేస్తే బూజు పడుతుంది. ఎకరానికి ఒకసారి కొట్టాలంటే అయిదు కిలోల పప్పు దంచి, రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టి వంద లీటర్ల నీళ్లలో కలపాలి. ఆకుకి అంటుకోవడానికి కాస్త సబ్బుపొడి. కొట్టేది సాయంత్రం పూట, ఎండ చల్లబడ్డాక. దాచిన గింజలు ఎనిమిది, పది నెలలు దాటితే పనిచేయవు. అందుకే నిరుటివి ఎన్ని బస్తాలు మిగిలినా సరే... ఏటా ఆడవాళ్లు చీపుర్లు పట్టుకుని మళ్లీ వేపచెట్ల కిందికి చేరాల్సిందే.